బ్రూక్స్ లాడ్జి, దాని స్థాపకుడు రే పీటర్సన్: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రూక్స్ లాడ్జి ఎక్కడ ఉంది? అక్కడికి ఎలా చేరుకోవాలి?

అలాస్కా రాష్ట్రపు నైరుతి మూలన, కాట్మై జాతీయ ఉద్యానవనంలో, నాక్నెక్ సరస్సు ఒడ్డున ఉంది. ఎగువన ఉన్న బ్రూక్స్ సరస్సు నుంచి బయలుదేరిన బ్రూక్స్ నది దాదాపు 2.4 కిలోమీటర్లు మాత్రమే ప్రవహించి నాక్నెక్ సరస్సులో కలుస్తుంది. మన ఊళ్లలో పెద్ద పంటకాలువ కూడా ఇంతకంటే పొడవుంటుంది. ఆ చిన్న నది కలిసే చోటికి పక్కనే లాడ్జి కట్టారు.

అక్కడికి రోడ్డు లేదు. యాంకరేజ్ నగరం నుంచి కింగ్ సాల్మన్ అనే చిన్న ఊరికి మామూలు విమానంలో వెళ్లి, అక్కడ నీటిమీద దిగే చిన్న విమానం ఎక్కితే అరగంటలోపే లాడ్జి ముందున్న సరస్సులో దిగవచ్చు. కింగ్ సాల్మన్ నుంచి పడవలో వెళ్లేవారూ ఉన్నారు. జూన్ మొదటి నుంచి సెప్టెంబరు మధ్య వరకే లాడ్జి తెరిచి ఉంటుంది. మిగిలిన కాలమంతా మంచు, నిశ్శబ్దం.

రే పీటర్సన్ ఎవరు?

ఆయన వృత్తిరీత్యా విమాన చోదకుడు. 1934లో అలాస్కాకు వచ్చారు. అప్పటికి అలాస్కా ఇంకా రాష్ట్రం కాదు, అమెరికా పాలనలోని భూభాగం మాత్రమే. ఊరికీ ఊరికీ మధ్య బాటలు లేని ఆ దేశంలో గనుల దగ్గరికి, నదీతీర గ్రామాలకు సరుకులు, ఉత్తరాలు, మనుషులను చేరవేసే బాధ్యత ‘బుష్ పైలట్లు’ అని పిలిచే కొద్దిమంది చోదకులమీద ఉండేది. రన్‌వే అన్నది కనిపించని చోట్ల, చలికాలంలో గడ్డకట్టిన నదిమీద, వేసవిలో సరస్సు నీళ్లమీద, ఇసుక తిన్నెలమీద విమానాన్ని దించడం వారికి నిత్యకృత్యం. పీటర్సన్ ఆ తరానికి చెందినవాడు.

ఆయన చోదకుడిగానే మిగిలిపోలేదు. మొదట సొంతంగా చిన్న విమాన సేవను నడిపి, తరువాత అలాంటివే మరికొన్ని చిన్న సంస్థలను కలుపుకొని 1947లో నార్తర్న్ కన్సాలిడేటెడ్ ఎయిర్‌లైన్స్‌ను నిలబెట్టారు. 1968లో అది వీన్ అనే మరో అలాస్కా విమాన సంస్థతో విలీనమైంది. లాడ్జి చరిత్ర చదివేటప్పుడు ఆయన విమానయాన వ్యాపారి అన్న విషయం మరచిపోకూడదు. చేపల మీది మోజుతో అడవికి వెళ్లి గుడిసె వేసుకున్న మనిషిగా ఆయనను చిత్రించే కథనాలు వినడానికి బాగుంటాయి గాని, జరిగినదాన్ని సరిగా వివరించవు.

విమానాల వ్యాపారికి చేపల లాడ్జితో ఏం పని?

విమానం ఎగిరినా ఖర్చే, నేలమీద నిలబడినా ఖర్చే. సీట్లు నిండితేనే అది సంపాదిస్తుంది. పశ్చిమ అలాస్కాలో జనం తక్కువ, ఊళ్లు చిన్నవి, రాకపోకలు పరిమితం. యాంకరేజ్ నుంచి కింగ్ సాల్మన్ దాకా డీసీ-3 రకం విమానాలు నడుపుతున్న సంస్థకు, ఆ మార్గంలో ప్రయాణించే కారణం బయటివారికి కల్పించవలసిన అవసరం కనిపించింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం నాక్నెక్ నది ఒడ్డున పెద్ద విమానాశ్రయం కట్టింది. దానికి కూతవేటు దూరంలోనే, విమానాల లెక్కలో చూస్తే, ప్రపంచంలోకెల్లా చేపలు దట్టంగా ఉండే నదులు, సరస్సులు ఉన్నాయి. అక్కడికి తాము విమానంలో తీసుకువెళ్లి, తామే బస చూపించి, తామే భోజనం పెట్టి, మళ్లీ తామే వెనక్కి తెస్తే, ఒక్క ప్రయాణికుడిమీద టికెట్టు, బస రెండూ కలిసివస్తాయి.

కాబట్టి లాడ్జిని విమాన మార్గానికి పొడిగింపుగా చూడడమే న్యాయమని నా అభిప్రాయం. విమానాలు రాకముందు అమెరికా ప్రధాన భూభాగం నుంచి ఒక గాలం వేటగాడు అలాస్కా మారుమూలకు చేరాలంటే పడవలో వారాలు గడపవలసి వచ్చేది. విమానం ఆ ప్రయాణాన్ని రెండు మూడు రోజులకు కుదించింది.

1950లో శిబిరాలు ఎలా మొదలయ్యాయి?

ఆ వేసవిలో పీటర్సన్ సంస్థ ఒకటి కాదు, అయిదు శిబిరాలు తెరిచింది: బ్రూక్స్, కోవిల్, కులిక్, బ్యాటిల్, నాన్వియానక్. వీటన్నిటికీ కలిపి ‘ఆంగ్లర్స్ ప్యారడైజ్’ అన్న పేరు పెట్టారు, అంటే గాలం వేసేవారి స్వర్గం. పేరు స్వర్గమే అయినా తొలి ఏడాదుల బస గుడారాల్లోనే. వంటపాత్రల నుంచి పొయ్యిల దాకా, మేకు నుంచి పరుపు దాకా ప్రతి వస్తువూ విమానంలోనో పడవలోనో రావలసిందే. గుడారాల స్థానంలో చెక్క క్యాబిన్లు క్రమంగా వచ్చాయి.

ఇప్పుడు బ్రూక్స్ లాడ్జి ప్రధాన భవనంలోకి అడుగుపెడితే ముందుగా కంటపడేది గది నడుమ ఉన్న గుండ్రటి నెగడు. మంట చుట్టూ అన్ని వైపులా కూర్చోవచ్చు, పైన పొగ గొట్టం వేలాడుతుంది. రోజంతా తొడల దాకా చల్లటి నీళ్లలో నిలబడి వచ్చినవారు అక్కడ కాళ్లు చాపుకొని తడి మేజోళ్లు ఆరబెట్టుకుంటారు. కిటికీలోంచి సరస్సు, దాని అవతల మంచు కొండలు కనిపిస్తాయి.

అది అప్పటికే రక్షిత ప్రాంతం కదా. అలాంటిచోట ప్రైవేటు సంస్థకు అనుమతి ఎలా ఇచ్చారు?

1912 జూన్ 6న ఆ ప్రాంతంలో నోవరప్టా అనే అగ్నిపర్వతం బద్దలైంది. సుమారు 60 గంటలపాటు సాగిన ఆ విస్ఫోటనం ఇరవయ్యో శతాబ్దంలో అన్నిటికంటే పెద్దది. బూడిద నిండిన ఒక లోయలో వేల పగుళ్ల నుంచి ఆవిర్లు చిమ్ముతూ ఉండడం చూసి, 1916లో అక్కడికి వెళ్లిన వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ గ్రిగ్స్ దానికి ‘పదివేల పొగల లోయ’ అని పేరు పెట్టాడు. ఆ వింతను కాపాడడానికే 1918లో అధ్యక్షుడు వుడ్రో విల్సన్ కాట్మైని జాతీయ స్మారక ప్రాంతంగా ప్రకటించాడు. చేపల కోసమో ఎలుగుబంట్ల కోసమో ప్రకటించలేదు. ఆవిర్లు కొన్ని దశాబ్దాల్లోనే చల్లారిపోయాయి.

ప్రకటన అయితే జరిగింది గాని, ముప్పై ఏళ్లకు పైగా అక్కడ కాపలాకు ఒక్క ఉద్యోగి కూడా స్థిరంగా లేడు. వందల కిలోమీటర్ల అవతల ఉన్న మరో ఉద్యానవనపు అధికారి కాగితాలమీద దాన్ని చూసుకునేవాడు. అలాంటి పరిస్థితిలో సందర్శకులను తెచ్చి, బస చూపించి, రవాణా ఏర్పాటు చేస్తానన్న సంస్థ రావడం జాతీయ ఉద్యానవనాల శాఖకు కలిసివచ్చింది. ఉద్యానవనాల్లో హోటళ్లు, దుకాణాలు ప్రైవేటువారు శాఖతో ఒప్పందం మీద నడపడం అమెరికాలో అప్పటికే అలవాటైన పద్ధతి. 1950 వేసవిలో శిబిరం తెరుచుకున్న సమయంలోనే ఆ శాఖ కూడా బ్రూక్స్‌కు ఒక రేంజరును, అంటే ఉద్యానవనాన్ని కాపాడే ఉద్యోగిని, పంపింది. 1980లో కాట్మై జాతీయ ఉద్యానవనంగా మారింది.

లాడ్జికి ముందు అక్కడ మనుషులెవరూ లేరా?

ఉన్నారు, చాలా కాలంగా ఉన్నారు. బ్రూక్స్ నది ఒడ్డుల్లో దాదాపు 4,500 ఏళ్ల మానవ నివాసపు ఆనవాళ్లు దొరికాయి. పూర్వం నేలలోకి దిగేలా కట్టుకున్న ఇళ్ల గుంతలు వందల సంఖ్యలో నేటికీ గడ్డి కింద కనిపిస్తాయి. 1993లో ఆ ప్రదేశాన్ని జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తించారు. లాడ్జి క్యాబిన్లు, రేంజర్ల గదులు, గుడారాల మైదానం, అన్నీ ఆ పాత ఊళ్లమీదే ఉన్నాయన్నది ఇప్పటికీ ఇబ్బంది కలిగించే నిజం.

1912 విస్ఫోటనం తరువాత చుట్టుపక్కల ఉన్న సవనోస్కీ వంటి గ్రామాల ప్రజలు బూడిదలో కూరుకుపోయిన ఇళ్లను వదిలి వేరే చోట్లకు తరలిపోయారు. అయినా శరదృతువులో గుడ్లు పెట్టి నీరసించిన, ఎర్రబారిన సాల్మన్ చేపలను పట్టి ఎండబెట్టుకోవడానికి వారి కుటుంబాలు బ్రూక్స్‌కు వస్తూనే ఉండేవి. అందువల్ల ‘మనిషి అడుగు పడని అడవి’ అని పాత ప్రకటనలు చెప్పిన మాటను నమ్మనక్కరలేదు.

అక్కడ దొరికే చేప ఏది? మనకు తెలిసిన చేపతో పోల్చి చెప్పగలరా?

ప్రధానంగా సాకై సాల్మన్. సముద్రంలో ఉన్నంతకాలం వెండిలా మెరిసే ఈ చేప, నదిలోకి వచ్చి గుడ్లు పెట్టే వేళకు ఒళ్లంతా కుంకుమ ఎరుపు, తల ఆకుపచ్చ రంగు తిరుగుతుంది. మగచేపకు వీపుమీద మూపురం లేస్తుంది, మూతి కొక్కెంలా వంగుతుంది. కాట్మై నదులు కలిసే బ్రిస్టల్ బే ప్రపంచంలో సాకై సాల్మన్‌కు అతి పెద్ద నెలవు. 2022 వేసవిలో అక్కడికి సుమారు 7 కోట్ల 90 లక్షల చేపలు తిరిగివచ్చాయి.

మనవైపు పోలిక కావాలంటే పులసను తలచుకోవాలి. సముద్రంలో ఇలసగా తిరిగే చేప వరద కాలంలో గోదావరి ఎర్రనీటికి ఎదురీది వచ్చి పులస అవుతుంది. పుస్తెలమ్మి అయినా తినాలన్న సామెత దానిమీదే పుట్టింది. ఉప్పునీటిలో పెరిగి మంచినీటిలో గుడ్లు పెట్టడం రెండిటికీ సమానం. తేడా ముగింపులో ఉంది. ఇలస గుడ్లు పెట్టి మళ్లీ సముద్రానికి వెళ్లగలదు. సాకై వెళ్లదు, గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. సరస్సులో పుట్టిన పిల్లలు అక్కడే ఒకటి రెండేళ్లు పెరిగి సముద్రానికి పోయి, మరో రెండు మూడేళ్లకు తాము పుట్టిన నీటి వాసన పట్టుకొని అదే నదికి వస్తాయి. చచ్చిన చేపల శరీరాలే ఆ నీటికి, ఒడ్డున చెట్లకు ఎరువు.

నదిలోకి వచ్చిన సాల్మన్ తిండి మానేస్తుందంటారు. మరి గాలానికి ఎలా పడుతుంది?

మంచి ప్రశ్న. నదిలోకి ప్రవేశించిన సాల్మన్ నిజంగానే తినదు, ఒంట్లో నిల్వ ఉన్న కొవ్వుతోనే ప్రయాణం పూర్తి చేస్తుంది. సముద్రంలో కూడా సాకై సన్నటి జలజీవాలను వడగట్టుకొని తింటుంది కాబట్టి పెద్ద ఎరను వేటాడే అలవాటు దానికి తక్కువ. అందుకే గాలం వేటగాళ్లలో దాన్ని మొండిచేప అనుకునేవారే ఎక్కువ. ఎరను సరిగ్గా దాని మూతి ముందునుంచి, నది అడుగుకు దగ్గరగా, నీటి వేగంతోనే జార్చాలి.

నిజం చెప్పాలంటే, కాట్మైకి గాలం పట్టుకొని వచ్చే చాలామందికి సాల్మన్ కంటే దాని వెనక వచ్చే రెయిన్‌బో ట్రౌట్ అనే మరో చేప మీదే కన్ను. సాల్మన్ గుడ్లు పెడుతుంటే కొట్టుకువచ్చే గుడ్లను, తరువాత చచ్చి కుళ్లే చేపల మాంసపు తునకలను తిని ట్రౌట్లు బలుస్తాయి. అందుకే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గాలానికి కట్టే ఎర పురుగులా ఉండదు, నారింజ రంగు పూసలా, అంటే సాల్మన్ గుడ్డులా ఉంటుంది. బ్రూక్స్ నదిలో తేలికైన కృత్రిమ ఎరలతో చేసే ఫ్లై ఫిషింగ్ తప్ప మరో పద్ధతికి అనుమతి లేదు.

మిగిలిన నాలుగు శిబిరాలు ఏమయ్యాయి?

కోవిల్ శిబిరం గ్రోవ్‌నర్ లాడ్జి అన్న పేరుతో రెండు సరస్సుల నడుమ కొద్దిపాటి క్యాబిన్లతో కొనసాగింది. కులిక్ ట్రౌట్ వేటకు పేరుపడిన పెద్ద లాడ్జిగా ఎదిగింది. దానికి సొంత రన్‌వే కూడా ఉంది. బ్యాటిల్, నాన్వియానక్ శిబిరాలు ఆ స్థాయికి రాలేదు.

జాన్ వలాట్కా పేరు ఎందుకు వినిపిస్తుంది?

పీటర్సన్ ఆలోచనను నేలమీద నిలిపిన మనిషి ఆయన. తానూ బుష్ పైలటే. అయిదు శిబిరాల మధ్య విమానంలో తిరుగుతూ సరుకులు, సిబ్బంది, మరమ్మతులు, అతిథుల ఫిర్యాదులు అన్నీ చూసుకున్నారు. సంస్థ అధిపతి పేరు చరిత్రలో పెద్ద అక్షరాల్లో ఉంటుంది, రోజువారీ బరువు మోసినవారి పేరు పాదసూచికలో ఉంటుంది. వలాట్కా విషయంలో మాత్రం కాస్త న్యాయం జరిగింది. కాట్మైలోని ఒక పర్వతశ్రేణికి ఆయన పేరే పెట్టారు.

ఎలుగుబంట్లు మొదటి నుంచీ ఇంత పెద్ద సంఖ్యలో ఉండేవా?

లేవు. లాడ్జి చరిత్రలో అన్నిటికంటే ఆసక్తికరమైన మలుపు ఇదే. ఇవాళ బ్రూక్స్ అనగానే జలపాతం అంచున నిలబడి, ఎగిరే సాల్మన్‌ను నోటితో అందుకునే ఎలుగుబంటి బొమ్మ కళ్లముందు మెదులుతుంది. 1950ల అతిథులకు ఆ దృశ్యం అరుదు. అప్పుడు నదిలో గాలం వేసేవారే రాజులు, ఎలుగుబంటి కనబడితే అది విశేషం, కొందరికి విసుగు.

ఆ రోజుల్లో శిబిరాల వంటగది చెత్తను దగ్గర్లోనే పోసేవారు. ఆ వాసనకు ఎలుగుబంట్లు వచ్చేవి, మనుషుల తిండికి అలవాటుపడేవి. అలా అలవాటుపడిన జంతువు మనిషికీ ప్రమాదమే, తనకూ ప్రమాదమే. తరువాతి దశాబ్దాల్లో ఉద్యానవనాల శాఖ చెత్తను అక్కడ పోయడం మాన్పించి, తిండి నిల్వమీద కఠినమైన నియమాలు పెట్టింది. ఇంకోవైపు 1970ల తొలినాళ్లలో బాగా పడిపోయిన బ్రిస్టల్ బే సాల్మన్ రాక ఆ దశాబ్దపు చివరికి కోలుకుంది. చేపలు పెరిగాయి, వేట నిషేధం ఉంది, మనుషుల వల్ల హాని లేదు, మనుషుల నుంచి తిండీ లేదు. తల్లి వెంట నదికి వచ్చిన పిల్లలు పెద్దవై తమ పిల్లలను తెచ్చాయి. జులైలో ఆ రెండున్నర కిలోమీటర్ల నదిమీద ఇప్పుడు పదుల సంఖ్యలో ఎలుగుబంట్లు కనిపిస్తాయి.

దాంతో లాడ్జి గిరాకీ స్వభావమే మారిపోయింది. గాలాల పెట్టెలు పట్టుకొచ్చే అతిథుల స్థానంలో పొడవాటి కెమెరా కటకాలు మోసుకొచ్చే అతిథులు వచ్చారు. పీటర్సన్ ఖాళీ సీట్లను నింపడానికి సాల్మన్‌ను నమ్ముకున్నారు. సీట్లు సాల్మన్ వల్లే నిండాయి, కాకపోతే సాల్మన్‌ను పట్టేవారు మారారు.

గాలం వేస్తుండగా ఎలుగుబంటి వస్తే ఏం చేయాలి?

ఎలుగుబంటికి 50 గజాల దూరం పాటించాలన్నది నియమం. బ్రూక్స్‌లో దిగిన ప్రతి సందర్శకుడూ, చేతిసంచీ కూడా దించుకోకముందే, రేంజర్లు చెప్పే చిన్న పాఠానికి హాజరు కావలసి ఉంటుంది. పాఠంలో ముఖ్యమైనది గాలం వేటగాడికి సంబంధించినదే.

గాలానికి చేప తగిలింది అనుకోండి. అది నీళ్లలో గిలగిల కొట్టుకుంటుంది, ఆ చప్పుడు ఎలుగుబంటికి భోజనం గంట. ఒడ్డున గడ్డిలోంచి తల ఎత్తి చూసిన మరుక్షణం అది నీళ్లలోకి దిగుతుంది. అప్పుడు వేటగాడు చేయవలసింది ఒక్కటే: దారాన్ని తెంపేసి, చేపను వదిలేసి, నీళ్లలోంచి నెమ్మదిగా పక్కకు తప్పుకోవడం. ఎంత పెద్ద చేప అయినా, ఎంత దూరం నుంచి వచ్చినా అంతే. గాలానికి పడిన చేప సులువుగా దొరుకుతుందని ఒక్క ఎలుగుబంటి నేర్చుకున్నా, ఆ వేసవంతా అది మనుషుల వెంటే తిరుగుతుంది.

జలపాతం పక్కన చేపల నిచ్చెన కట్టారని విన్నాం. నిజమేనా?

నిజమే. బ్రూక్స్ జలపాతం ఎత్తు రెండు మీటర్లలోపే అయినా, చేపలు దాని కింద గుమిగూడి పదేపదే ఎగిరి అలసిపోతాయి. వాటికి దారి సులువు చేద్దామని, శిబిరాలు తెరుచుకునే కాలంలోనే, మత్స్యశాఖవారు జలపాతం పక్కన కాంక్రీటు మెట్ల దారి నిర్మించారు. వేల ఏళ్లుగా చేపలు ఎవరి సాయమూ లేకుండానే ఎక్కుతున్నాయన్న సంగతి తరువాత బలపడింది. ఉద్యానవనంలో సహజ స్థితిని మార్చకూడదన్న విధానం మేరకు 1970లలో దాన్ని మూసివేశారు. చేపలు జలపాతం కింద గుమిగూడడమే ఎలుగుబంట్లకు అనుకూలం కాబట్టి, నిచ్చెన పూర్తిగా పనిచేసి ఉంటే నేటి దృశ్యం ఇలా ఉండేది కాదేమో.

లాడ్జి ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

1968 విలీనంతో శిబిరాలు వీన్ సంస్థ కిందికి వెళ్లాయి. 1980ల తొలినాళ్లలో పీటర్సన్ కుటుంబం వాటిని ఆ సంస్థ నుంచి తిరిగి తీసుకొని, కాట్మైల్యాండ్ అనే కంపెనీ పేరుతో నడిపింది. వీన్ విమాన సంస్థ ఆ దశాబ్దపు మధ్యలోనే మూతపడింది. విమానాలకు తోకలా పుట్టిన లాడ్జీలు, విమాన సంస్థ పోయాక కూడా బతకడం గమనించదగినది. పీటర్సన్ 2008లో మరణించారు. 2016లో కాట్మైల్యాండ్‌ను బ్రిస్టల్ బే నేటివ్ కార్పొరేషన్ కొనుగోలు చేసింది. ఆ ప్రాంతపు మూలవాసులు వాటాదారులుగా ఉన్న సంస్థ అది.

లాడ్జిని అక్కడి నుంచి తరలిస్తారా?

1996లో ఉద్యానవనాల శాఖ ఆమోదించిన ప్రణాళికలో బ్రూక్స్ శిబిరాన్ని నది ఉత్తర ఒడ్డు నుంచి దక్షిణాన ఉన్న మెరకమీదికి మార్చాలని ఉంది. పురావస్తు స్థలం, ఎలుగుబంట్ల దారులు రెండూ దీనికి కారణాలు. డబ్బు, రాజకీయం, సందర్శకుల ఇష్టాయిష్టాలు అడ్డుపడి లాడ్జి మాత్రం పాత చోటే ఉండిపోయింది. నదిమీద మొదట తేలే వంతెన ఉండేది. ఎలుగుబంటి దాని దగ్గర పడుకుంటే అవతలివారు అవతలే, ఇవతలివారు ఇవతలే గంటలకొద్దీ నిలిచిపోయేవారు. 2019లో ఎత్తయిన వంతెన పూర్తయ్యాక ఆ బాధ తీరింది, జంతువులు కిందనుంచి వెళ్లిపోతాయి.

జులైలో గది దొరుకుతుందా?

డబ్బు ఉన్నంతమాత్రాన దొరకదు. గదులు పదహారు మాత్రమే, కోరేవారు వేలు. అందుకే లాటరీ పద్ధతి పెట్టారు. చాలామంది ఒక్క రోజుకు విమానంలో వచ్చి సాయంత్రానికి తిరిగిపోతారు. జలపాతం దగ్గరి వేదికమీద ఒకేసారి 40 మందినే అనుమతిస్తారు, రద్దీ వేళ గంటకు మించి ఉండనివ్వరు. గాలం కోసమే వెళ్లేవారు జులై రద్దీని వదిలి సెప్టెంబరును ఎంచుకోవడం మంచిది.

వెళ్లలేనివారు ఇక్కడి నుంచి చూడవచ్చా?

చూడవచ్చు. 2012 నుంచి నది వెంట పెట్టిన కెమెరాలు వేసవంతా దృశ్యాన్ని ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూపుతున్నాయి. చలినిద్రకు ముందు ఏ ఎలుగుబంటి ఎక్కువ బలిసిందో ప్రజలే ఓటు వేసి తేల్చే ‘ఫ్యాట్ బేర్ వీక్’ పోటీ 2014లో ఒక్కరోజు సరదాగా మొదలై, తరువాత వారం రోజుల వేడుక అయింది. తొలి విజేత ఓటిస్ అనే ముసలి మగ ఎలుగుబంటి. అది నీళ్లమీద పెద్దగా పరుగులు తీసేది కాదు, ఒక మూల కూర్చొని చేప తనదగ్గరికి వచ్చేదాకా ఓపిక పట్టేది.

వేసవిలో అలాస్కా సమయం మనకంటే పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉదయం ఎనిమిదింటికి కాఫీ పట్టుకొని కెమెరా తెరిస్తే, అక్కడ ముందు రోజు సాయంత్రం ఆరున్నర. జులైలో అక్కడ రాత్రి పదకొండు దాటేదాకా వెలుగు ఉంటుంది కాబట్టి, మనకు మధ్యాహ్నం పన్నెండున్నర దాకా జలపాతం కనిపిస్తుంది.